రెండు మూకీ సినిమాలు మన పిల్లలకు చూపించండి: అమెరికా దక్షిణ రాష్ట్రాల తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అట్లాంటా, షార్లెట్, రాలీ, నాష్‌విల్, డాలస్, హ్యూస్టన్ వైపు తెలుగు సంఘాలు నడుపుతున్న అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సాంస్కృతిక కార్యక్రమాలు చూసుకునే అన్నలకు, అక్కలకు నమస్కారం.

ఉగాదికి, బతుకమ్మకు, దీపావళికి హాలు మాట్లాడి, సౌండ్ సిస్టమ్ తెప్పించి, పిల్లల డ్యాన్సులకు టైమ్ సర్దలేక మీరు పడే టెన్షన్ నాకు తెలుసు. ఉద్యోగాలు చేసుకుంటూ, చాలాసార్లు చేతి డబ్బు పెట్టుకుని ఈ పని చేస్తున్నారు. మన వాళ్లను ఒకచోట కూర్చోబెట్టగలిగేది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. వచ్చే ఫిబ్రవరిలో, ఈ దేశమంతా నల్లజాతి చరిత్ర మాసం జరుపుకునే నెలలో, ఒక శనివారం సాయంత్రం మీ హాల్లో ఒక మూకీ సినిమా వేయండి. వీలైతే మరో వారం ఇంకోటి వేయండి. మొదటిది అప్పు కథ, రెండోది ఇష్టంలేని పెళ్లి కథ. రెండూ మనం ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని బడికి పంపుతున్న ఈ దక్షిణాది నేల కథలే.

మొదటి సినిమా 'వితిన్ అవర్ గేట్స్'. 1920 జనవరిలో షికాగోలో విడుదలైంది. రాసింది, తీసింది, డబ్బు కూడగట్టింది అంతా ఆస్కార్ మిషో. నల్లజాతి దర్శకులు తీసిన పూర్తి నిడివి సినిమాల్లో ఇవాళ చూడటానికి మిగిలినవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది. సిల్వియా లాండ్రీ అనే టీచరు దక్షిణాదిలో నల్లపిల్లల బడి మూతపడకుండా 5,000 డాలర్లు పోగు చేయడానికి బోస్టన్ వెళ్తుంది. ఆ చందాల తిప్పలు, చెడిపోయిన నిశ్చితార్థం, జూదగాడి బెదిరింపులు, ఇలా కథ చాలాసేపు అటూ ఇటూ తిరుగుతుంది. అక్కడ మీకు కొంచెం విసుగు రావచ్చు. ఓపిక పట్టండి. సిల్వియా గతం మొదలయ్యే దగ్గర నుంచి తెర మీద నుంచి చూపు తిప్పుకోలేం.

సిల్వియాను పెంచుకున్న తండ్రి జాస్పర్ లాండ్రీ. గ్రిడిల్‌స్టోన్ అనే తెల్ల దొర భూమిని పాలుకు చేస్తుంటాడు. ఇంట్లో చదువుకున్నది సిల్వియా ఒక్కతే. తండ్రి పండించిందెంత, దొరకు ఇవ్వాల్సిందెంత, తనకు రావాల్సిందెంత అన్నది ఆమె కూర్చుని కాగితం మీద రాసిపెడుతుంది. ఆ ఇంట్లో లెక్క రాయడం అదే మొదలు. అప్పు తీర్చేసి సొంతంగా కొంచెం భూమి కొనుక్కోవాలని, చిన్నవాడిని బడికి పంపాలని ముసలివాళ్ల ఆశ. దొర ఇంట్లో పనిచేసే ఎఫ్రెమ్ ఈ సంగతి కనిపెట్టి దొర చెవిలో వేస్తాడు: వాళ్ల పిల్ల లెక్కలు రాస్తోంది, ఇక వాళ్లను మోసం చేయడం కుదరదు అని. జాస్పర్ ఆ కాగితం పట్టుకుని లెక్క తేల్చుకోవడానికి దొర ఇంటికి వెళ్తాడు. బల్ల ముందు మాటా మాటా పెరుగుతుంది. అదే సమయంలో, ఆ దొర చేతిలో మోసపోయిన ఒక పేద తెల్లవాడు కిటికీలోంచి దొరను కాలుస్తాడు. నేరం జాస్పర్ మీద పడుతుంది. ఊరు ఊరంతా వేటకుక్కలతో వెంటపడి జాస్పర్‌ను, అతని భార్యను చెట్టుకు ఉరితీస్తుంది. చాడీ చెప్పిన ఎఫ్రెమ్‌నూ ఆ గుంపు వదలదు. తాను వాళ్ల మనిషినేనని అతను చివరిదాకా నమ్ముతాడు.

హత్య, ఉరి, మంట అన్నీ ఉన్నా నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది ఆ అమ్మాయి లెక్క రాసే దృశ్యం. ఎందుకో చెప్పాలంటే ఆ కాలంలో ఇక్కడ అప్పు ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి.

భూమి దొరది. విత్తనం, పొలం దున్నే కంచరగాడిద, పంట వచ్చేదాకా తిండి, పిల్లలకు బట్టలు, చెప్పులు అన్నీ దొర దుకాణంలోనో, దొర చెప్పిన దుకాణంలోనో అరువుకు తెచ్చుకోవాలి. నగదు ధర ఒకటి, అరువు ధర ఒకటి. దాని మీద వడ్డీ. పండబోయే పత్తి ముందే ఆ అప్పు కింద కుదువలో ఉంటుంది. పత్తి తీసి, గింజ వేరు చేసి, అమ్మాక ఏడాది చివర్లో లెక్క. పద్దు పుస్తకం దొర దగ్గరే ఉంటుంది. చదవడం రాని రైతు ఆయన చెప్పింది వినాలి. ఈ ఏడు నీకేం మిగల్లేదు, ఇంకా ఇంత బాకీ ఉన్నావు అంటే తలూపి, అదే బాకీ కోసం మళ్లీ ఏడాది అదే పొలంలో దిగాలి. బాకీ ఉండగా ఊరు దాటితే పోలీసులు పట్టుకొచ్చేవాళ్లు. అప్పు కింద మనిషితో వెట్టి చేయించడం నేరమని అమెరికా కాంగ్రెస్ 1867లోనే చట్టం చేసింది. ముందస్తు తీసుకుని పని మానేసినవాడిని మోసగాడిగా చూసి జైల్లో వేసే అలబామా చట్టాన్ని సుప్రీంకోర్టు 1911లో కొట్టేసింది. అయినా ఆగలేదు. 1921లో మన జార్జియాలోనే జాస్పర్ కౌంటీలో జాన్ విలియమ్స్ అనే భూస్వామి, తన పొలంలో వెట్టి నడుస్తోందని ప్రభుత్వ మనుషులు వచ్చి చూసి వెళ్లాక, సాక్ష్యం మిగలకూడదని అప్పు కింద పట్టి ఉంచిన పదకొండు మంది నల్లజాతి కూలీలను చంపించాడు. కొందరిని గొలుసులు, రాళ్లు కట్టి వంతెనల మీద నుంచి నదిలోకి తోయించాడు. కౌంటీ పేరు, సినిమాలో రైతు పేరు ఒకటే కావడం కాకతాళీయం. సినిమా అంతకు ముందే వచ్చింది.

లెక్క అడగడం అంటే ఏమిటో 1919 చెబుతుంది. ఆ ఏడాది ఆర్కన్సా రాష్ట్రం ఫిలిప్స్ కౌంటీలో పాలుకు చేసే నల్లజాతి రైతులు సంఘం పెట్టుకున్నారు. వాళ్లు కోరింది తమ పత్తికి సరైన ధర, లెక్క రాతపూర్వకంగా చూపించడం. సెప్టెంబరు 30 రాత్రి హూప్ స్పర్ చర్చిలో వాళ్ల మీటింగు దగ్గర కాల్పులు జరిగాయి. ఆ తర్వాత చుట్టుపక్కల నుంచి గుంపులు, సైన్యం దిగాయి. ఎంతమంది నల్లవాళ్లు చనిపోయారో ఇప్పటికీ తేలలేదు. పన్నెండు మంది నల్లజాతి రైతులకు మరణశిక్ష వేశారు. 1923లో సుప్రీంకోర్టు, ఆ విచారణ గుంపు భయం కింద జరిగిందన్న వాదన వినకుండా తోసేయడానికి వీల్లేదని చెప్పాకే వాళ్లు బతికి బయటపడే దారి దొరికింది. ఎలెయిన్ మారణకాండ అంటారు దాన్ని. అది జరిగిన కొద్ది నెలలకే, చేతిలో లెక్క కాగితంతో దొర ఇంటికి వెళ్లే జాస్పర్ లాండ్రీ తెర మీదికి వచ్చాడు. షికాగోలో అంతకుముందు వేసవిలో జాతి అల్లర్లలో 38 మంది చనిపోయారు. ఈ సినిమా వేస్తే మళ్లీ గొడవలవుతాయని సెన్సారు వాళ్లు మొదట కాదన్నారు, పట్టణ పెద్దలు, కొందరు పాస్టర్లు భయపడ్డారు. దక్షిణాదిలో కొన్ని హాళ్లవాళ్లు మాకొద్దన్నారు.

నేను వరంగల్ వైపు పత్తి పండించే ఇంట్లో పుట్టాను. విత్తనాలు, ఎరువు, పురుగుమందు అన్నీ మా బాపు ఒకే దుకాణంలో ఉద్దెర తెచ్చేవాడు. పంట ఆ దుకాణదారుకే వేయాలన్నది నోటి మాట. ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారు (పంట అమ్మిపెట్టే కమీషన్ వ్యాపారి) గద్దె దగ్గర ఆయన కూర్చునే తీరు నాకింకా గుర్తుంది: బస్తాలు కాంటా మీదికి ఎక్కుతుంటే, తూకం వేసే దడ్వాయి అరిచే అంకె వింటూ, వేళ్ల మీద లెక్క కట్టుకుంటూ. తరుగు తీసేవాళ్లు, హమాలీ తీసేవాళ్లు, పాత బాకీ పట్టుకునేవాళ్లు, చేతిలో ఒక చీటీ పెట్టేవాళ్లు. ఆ చీటీ ఇంటికి తెచ్చి చదివేది నేను. 1997, 98లో పత్తికి పురుగు పట్టి మా జిల్లాలో వరసగా రైతులు అదే మందు తాగి చనిపోయినప్పుడు పేపర్లు ప్రకృతిని, మార్కెట్‌ను, మందులను అన్నాయి. మా వాడలో మాత్రం అందరూ మాట్లాడుకున్నది దుకాణం లెక్క గురించే. జాస్పర్ లాండ్రీకి జరిగింది, మా బాపుకు జరిగింది ఒకటే అనను. ఉరితాడు మా ఇంటిదాకా రాలేదు. చర్మం రంగు చూసి తరమడం వేరే నరకం. కానీ ఆ బల్ల, ఆ పుస్తకం, ఎదురుగా నిలబడ్డ రైతు, ఇంట్లో చదువుకున్న ఆడపిల్ల, ఇవి మన తెలుగువాళ్లకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అందుకే ఈ సినిమా మనదగ్గర వేయాలంటున్నాను.

పెళ్లి సంగతికి వస్తాను. ఆ కాలపు మెలోడ్రామాలు ఎక్కువగా ఒకే దారిన పోయేవి: అప్పిచ్చినవాడు ఇల్లు జప్తు చేస్తానంటాడు, లేదంటే పిల్లనిమ్మంటాడు, ఆఖరి నిమిషంలో హీరో డబ్బు సంచితో వస్తాడు. మిషో ఆ సులువు దారి పట్టలేదు. 'వితిన్ అవర్ గేట్స్'లో జాస్పర్ దంపతులను చంపుతున్న సమయంలోనే దొర తమ్ముడు ఆర్మండ్, ఒంటరిగా దొరికిన సిల్వియా మీద పడతాడు. ఆ రెండు దృశ్యాలూ మార్చి మార్చి చూపిస్తాడు దర్శకుడు. ఆమె గుండె మీది మచ్చ చూసి, ఆమె తన కూతురేనని ఆర్మండ్‌కు తెలుస్తుంది. పెళ్లి పేరుతో, పెళ్లి లేకుండా నల్లజాతి స్త్రీల శరీరాల మీద ఆ దొరల ఇళ్లు ఎంత హక్కు చలాయించాయో ఆ ఒక్క మచ్చతో చెప్పాడు.

రెండో సినిమా 'బాడీ అండ్ సోల్', 1925. కథ జార్జియాలోని టేట్స్‌విల్ అనే ఊళ్లో. మహాగాయకుడు పాల్ రోబ్సన్‌కు మొదటి సినిమా ఇది. అన్నదమ్ములుగా రెండు వేషాలు వేశాడు. ఒకడు జైలు నుంచి పారిపోయి వచ్చి పాస్టర్‌గా చలామణీ అవుతున్న జెంకిన్స్, ఇంకొకడు నెమ్మదస్తుడైన సిల్వెస్టర్. ఇసబెల్ సిల్వెస్టర్‌ను ప్రేమిస్తుంది. ఆమె తల్లి మార్తా జేన్ బట్టలు ఇస్త్రీ చేసి, ఒక్కో డాలరూ బైబిల్లో దాచిపెట్టిన మనిషి. ఆమెకు పాస్టరే దేవుడు, ఆయనకే పిల్లనివ్వాలని పట్టు. వానలో చిక్కుకున్న రాత్రి, పాడుబడ్డ కొట్టంలో, తలుపు దాటి లోపలికి వచ్చే ఆయన బూట్లు కనిపిస్తాయి. అంతే. ఆ తర్వాత తెర మీద మాటలు రాసిన ఒక టైటిల్ కార్డు. అత్యాచారం చూపించకుండా ఇంత భయం పుట్టించిన దృశ్యం మూకీల్లో నేను ఇంకోటి చూడలేదు. తర్వాత ఆయన ఆ బైబిల్లోని డబ్బూ లాక్కుంటాడు, నింద పిల్ల మీదే వేసుకోమంటాడు. ఇసబెల్ అట్లాంటాకు పారిపోతుంది. తల్లి వెతుక్కుంటూ వస్తే, అప్పుడెందుకు చెప్పలేదంటే పిల్ల ఇచ్చే జవాబు ఒకటే: చెప్పినా నువ్వు నమ్మేదానివి కాదు.

ఆ మాట విన్నాక మన సంబంధాలు కుదిరే తీరు గుర్తుకు రాకుండా ఉండదు. అబ్బాయి మంచివాడని పెద్దమనిషి ఒకరు చెబితే చాలు, అమ్మాయి ఏమంటుందో అడిగే ఓపిక ఉండదు. కట్నం కోసం చేసిన అప్పు మధ్యలో ఉంటే ఆమె నోరు ఇంకా మూసేస్తాం. మా ఊళ్లో అప్పిచ్చిన ఇంటికే కోడలిగా వెళ్లిన అమ్మాయి ఉంది. ఆ పెళ్లినాడు అందరూ ఆమె తండ్రి అదృష్టమన్నారు. ఆమెను ఎవరూ అడగలేదు. ఇక్కడ, సబ్‌డివిజన్లలో, అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించే ఇళ్లలో కూడా దెబ్బలు తింటూ, అమ్మానాన్నలకు ఫోన్లో చెప్పలేకపోతున్న ఆడపిల్లలు ఉన్నారని మీకు నాకన్నా బాగా తెలుసు. సాయం కోసం వాళ్లు ఫోన్ చేసేది చాలాసార్లు మీ వాలంటీర్లకే.

'బాడీ అండ్ సోల్' ముగింపు నాకు నచ్చదు, అది కూడా చెప్పాలి. అదంతా తల్లికి వచ్చిన కల అని తేల్చేసి పిల్లను సిల్వెస్టర్‌కిచ్చి పెళ్లి చేస్తాడు. న్యూయార్క్ సెన్సారు వాళ్లు ఈ సినిమాను బాగా కోయించారు. పాస్టర్‌ను ఇంత చెడ్డగా చూపించడం వాళ్లకు పెద్ద అభ్యంతరం. మిషో మొదటి భార్య తండ్రి కూడా పాస్టరే, ఆ పెళ్లి చెడిపోవడంలో ఆయన చేయి ఉందని మిషో నమ్మాడు. సౌత్ డకోటాలో సొంతంగా సాగుచేసుకున్న భూమి కూడా ఆ రోజుల్లోనే ఆయన చేజారింది. అప్పు, పెళ్లి రెండూ ఆయన్ని తాకి వెళ్లినవే. భూమి పోయాక పుస్తకాలు రాసి ఇంటింటికీ తిరిగి అమ్ముకున్నాడు, రైతులకు వాటాలు అమ్మి మొదటి సినిమా తీశాడు, నలభైకి పైగా తీశాడు. మూకీల్లో మిగిలినవి మూడే. 1951లో షార్లెట్‌లో చనిపోయాడు. షార్లెట్ తెలుగువాళ్లు ఈ మాట గమనించాలి.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్నలు. సంబరాలు చేసుకునే చోట ఇంత విషాదం ఎందుకు? పండగ రోజు వద్దు, వేరే శనివారం పెట్టమంటున్నాను. చిన్నపిల్లలు భయపడరా? నిజమే, పదమూడేళ్లు దాటినవాళ్లకే పెట్టండి, పెద్దలు పక్కన కూర్చోవాలి. ఇది రాజకీయం కాదా? అట్లాంటా ఉత్తరాన, మన వాళ్లు వేలమంది ఇళ్లు కొనుక్కున్న ఫోర్సైత్ కౌంటీ నుంచి 1912లో వెయ్యిమందికి పైగా నల్లవాళ్లను, అంటే దాదాపు ఉన్నవాళ్లందరినీ రాత్రిళ్లు ఇళ్లకు నిప్పుపెట్టి, చర్చిలు తగలబెట్టి తరిమేశారు. వాళ్ల భూముల్లో చాలావాటికి సరైన ధర కూడా రాలేదు. 1987లో కూడా అక్కడ శాంతి ఊరేగింపు మీద రాళ్లు వేశారు. ఆ నేల మీద మన పిల్లలు స్పెల్లింగ్ బీలు గెలుస్తున్నారు, మనం గుళ్లు కడుతున్నాం. ఆ నేల చరిత్ర పిల్లలకు చెప్పడం పక్షం పట్టడం కాదు, అద్దెకున్న ఇంటి గురించి తెలుసుకోవడం లాంటి కనీస పని.

నల్లజాతి పొరుగువాళ్లతో మన సంబంధం ఎలా ఉందో కూడా నిజాయితీగా చూసుకోవాలి. ఇల్లు కొనేటప్పుడు ఆ ఏరియా వద్దు, ఆ స్కూలు వద్దు అని మనం ఎందుకంటామో పిల్లలకు అర్థమవుతూనే ఉంది. ఈ సినిమాలకు మీ దగ్గరున్న నల్లజాతి చర్చివాళ్లను, టీచర్లను, లైబ్రరీవాళ్లను పిలవండి. ముందు వరసలో కూర్చోబెట్టండి. తర్వాత మాట్లాడమని మైకు ఇవ్వండి. మన వాళ్ల ఉపన్యాసం పది నిమిషాలు దాటనివ్వకండి.

పని పెద్దది కాదు. రెండు సినిమాలకూ కాపీరైటు గడువు తీరింది. 'వితిన్ అవర్ గేట్స్' ప్రింటు చాలా ఏళ్లు కనబడలేదు. చివరకు మాడ్రిడ్‌లోని స్పెయిన్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో 'లా నెగ్రా' పేరుతో, స్పానిష్ టైటిళ్లతో దొరికింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1993లో దాన్ని పునరుద్ధరించింది. ఇంగ్లీషు టైటిళ్లలో నాలుగే మిగిలి ఉండగా, మిగతావి స్పానిష్ నుంచి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది. మన తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) ప్రింటు ఇవాళ చూద్దామన్నా లేదు. అలా పోయిన దుఃఖం తెలిసినవాళ్లం కాబట్టి, దొరికినదాన్ని చూడకుండా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఒక జాగ్రత్త: తర్వాతి కాలంలో చేర్చిన సంగీతానికీ, కొత్తగా రాసిన టైటిళ్లకూ హక్కులు ఉండవచ్చు, కాపీ తీసుకునే చోట ఒకసారి అడగండి. సంగీతం మాత్రం మనమే చేసుకోవచ్చు. మీ పిల్లల్లో వయొలిన్, మృదంగం, డ్రమ్స్ నేర్చుకునేవాళ్లు లేని సంఘం లేదు. డప్పు కొట్టేవాళ్లు ఉంటే వేటకుక్కల దృశ్యానికి వాళ్లనే పెట్టండి.

మూకీల కాలంలో మన హాళ్లలో తెర పక్కన నిలబడి టైటిళ్లు గట్టిగా చదివి, కథ చెప్పేవాళ్లు ఉండేవాళ్లు. ఆ పద్ధతి తిరిగి పెట్టుకుందాం. రెండు సినిమాల టైటిళ్లకూ తెలుగు నేను రాసి ఇస్తాను, పైసా అక్కర్లేదు. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు, తాతయ్యలు, అమ్మమ్మలు కలిసి వంతులవారీగా చదవొచ్చు. విజిటర్ వీసా మీద వచ్చి, బయటికి వెళ్లడానికి తోడులేక ఇంట్లో కూర్చున్న పెద్దవాళ్లలో పత్తి తెలిసినవాళ్లు ఎంతోమంది. సినిమా అయ్యాక వాళ్ల చేత కూడా మాట్లాడించండి.

ఒక్క విన్నపం. పని ఎక్కువై రెండిట్లో ఒక్కటే వేయాల్సి వస్తే, 'వితిన్ అవర్ గేట్స్' వేయండి. చివర్లో డాక్టర్ వివియన్ సిల్వియాకు దేశభక్తి గురించి చెప్పే మాటలు నాకు అంతగా నచ్చకపోయినా, అవి కూడా కోయకుండా మొత్తం చూపించండి. కోతలు ఆ సినిమా ఇప్పటికే చాలా చూసింది.

ఫిబ్రవరి హాళ్లు నవంబరులోనే బుక్ అయిపోతాయి. కాబట్టి దసరా హడావుడి తగ్గగానే జరిగే మీ కార్యవర్గ సమావేశంలో ఈ ఉత్తరం చదివి, తేదీ తేల్చి, మీ సంఘం పేజీలో ప్రకటించండి. ఏ ఊళ్లో ప్రకటన కనిపిస్తే ఆ ఊరి సాంస్కృతిక కార్యదర్శికి తెలుగు టైటిళ్ల ఫైలు నేనే పంపుతాను. జార్జియాలో ఎక్కడ వేసినా ముందురోజే వచ్చి పిల్లలతో రిహార్సల్ చేయిస్తాను.

ఇట్లు,
జార్జియాలో ఉంటున్న వరంగల్ పత్తిరైతు కూతురు